ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున?

డిసెంబరు 31వ తేదీ రాత్రి మన ఊళ్ళలోని చర్చిలలో దీపములు ఆర్పరు. పాత సంవత్సరమును సాగనంపి క్రొత్తదానిని ఎదుర్కొను ఆరాధన అర్ధరాత్రి దాటువరకు జరుగును. అది ముగిసిన పిదప పలుచోట్ల ఒక పళ్ళెములో చిన్న చిన్న అట్టముక్కలు ఉంచెదరు. ఒక్కొక్క అట్టపై బైబిలులోని ఒక్కొక్క వాక్యము అచ్చువేసి యుండును. వచ్చినవారు తలకొకటి తీసికొందురు. ఎవరి చేతికి వచ్చిన వాక్యము వారికి ఆ యేటి వాగ్దానము. దానిని కొందరు గోడకు అంటించుకొందురు. కొందరు పుస్తకములో దాచుకొందురు. ఈ దినములలో కొందరు ఫోనులో బంధుమిత్రులకు పంపుకొందురు. ఆ అట్టముక్కను చేతపట్టుకొని చలిలో ఇంటికి మరలు ముసలివారి ముఖములలోని వెలుగును చూచినవాడెవడును ఆ ఆచారమును ఎగతాళి చేయజాలడు. నేనును చేయను. కాని దానిని గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అది నా తప్పిదముతో మొదలగుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట పదవ తరగతి పిల్లవాడొకడు అటువంటి అట్టను తెచ్చి నాకు చూపెను. నేను ఆ పాఠశాలలో తెలుగు పండితుడను. వానికి తెలుగు బాగుగనే వచ్చును, లెక్కలనిన గుండెదడ. అర్ధసంవత్సర పరీక్షలో ఆ ఒక్క విషయమున తప్పియుండెను. అట్టపై నున్నది పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలోని మాట. దైవబలము తోడుండగా తాను దేనికైనను చాలుదునని దాని భావము.

“ఇంక లెక్కలంటే భయం లేదు మాస్టారూ” అని వాడు నవ్వెను.

“ఇంకేం, గట్టెక్కినట్టే!” అని నేను వాని వీపు తట్టితిని.

పరీక్షలైనవి, ఫలితములు వచ్చినవి. వాడు లెక్కలలో తప్పెను. మార్కుల పత్రము కొరకు బడికి వచ్చిన దినమున చొక్కా జేబులోనుండి ఆ అట్టను తీసి నా బల్లపై పెట్టి, “ఇది అబద్ధమా మాస్టారూ? లేకపోతే నాకే నమ్మకం చాల్లేదా?” అని అడిగెను.

పదునైదేండ్ల బాలుని యెదుట ఈ రెండు దారులే కనబడినవి. గ్రంథము అబద్ధమనుకొనినచో తన తల్లి ప్రతిరాత్రి చదువు పుస్తకము వానికి పరాయిదగును. నమ్మకము చాలలేదనుకొనినచో తప్పినది లెక్కలలో గాక తన ఆత్మలోనని జీవితమంతయు తన్ను తాను నిందించుకొనును. ఏ దారిన పోయినను నష్టమే. ఆ నాలుగుబాటకు వానిని తెచ్చి నిలిపినవారిలో నేనును ఒకడను. జనవరిలో ఆ అట్టను చూచినప్పుడు నేను వానిని ఒక్క ప్రశ్న అడిగియుండవలసినది, అడుగలేదు.

ఆ ప్రశ్న తెలుగు చదివిన ప్రతి విద్యార్థికిని తెలిసినదే. సందర్భసహిత వ్యాఖ్య వ్రాయుమని ఒక వాక్యమిచ్చినప్పుడు, అది ఏ పాఠములోనిది, ఎవరు ఎవరితో అనిరి, ఏ సందర్భమున అనిరి అని చెప్పిన పిమ్మటనే భావమునకు రావలెను. భావమెంత సొంపుగా వ్రాసినను సందర్భము తప్పినచో మేము ఎర్రసిరాతో గీత గీయుదుము. ఏండ్ల తరబడి అట్టి గీతలు గీసిన చేతితోనే నేను ఆ పిల్లవాని వీపు తట్టితిని. పాఠ్యపుస్తకములోని పద్యమునకు చూపు మర్యాదను, వాడు ప్రాణముగా నమ్మిన వాక్యమునకు చూపనైతిని.

మరునాడు వానిని బైబిలు తీసికొని రమ్మంటిని. ఇద్దరమును వసారాలో కూర్చుండి ఆ లేఖను మొదటినుండి చదివితిమి. నాలుగే అధ్యాయములు, బిగ్గరగా చదివినను అరగంట పట్టదు. వ్రాసినవాడు చెరసాలలో నున్నాడని మొదటి అధ్యాయములోనే తెలిసినది. విడుదలయగునో మరణమే ప్రాప్తించునో అతనికి తెలియదు. మాసిదోనియలోని ఫిలిప్పీ పట్టణపు విశ్వాసులు అతనికి కొంత సహాయము పంపిరి. దానిని తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాక పోయి బ్రతికెను. అతనిని తిరిగి పంపుచు, పంపిన సహాయమునకు కృతజ్ఞత తెలుపుచు పౌలు వ్రాసిన ఉత్తరమది. చివరి అధ్యాయములో, మీరు పంపినందుకు సంతోషమేగాని లేమి వలన నేను కుంగిపోలేదని చెప్పుకొనుచున్నాడు. కడుపు నిండిన దినమును చూచితిని, ఆకలిగొన్న దినమును చూచితిని, రెంటిలోను నిబ్బరముగా నుండుట నేర్చుకొంటిని అనుచున్నాడు. ఆ వెంటనే వచ్చును మన అట్టమీది వాక్యము. అతడు చాలుదుననినది గెలుపునకు మాత్రమే కాదు. ఆకలికి, అవమానమునకు, బేడీలకు కూడ చాలుదునని అతని మాట.

పిల్లవాడు కొంతసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, “అయితే మాస్టారూ, ఇది పరీక్ష తప్పినవాడికి కూడా రాసిన మాటే గదా?” అనెను.

నేను చెప్పదలచిన సంగతి అంతయు వాని ప్రశ్నలో నున్నది. గ్రంథములోని వాక్యమును తన బ్రతుకునకు అన్వయించుకొనుట దోషము కాదు. దానికొరకే కోట్ల జనులు దానిని చదువుచున్నారు. కాని ఆ వాక్యము మొదట ఎవరి బ్రతుకులో పలికినదో తెలిసికొనిన పిమ్మటనే మన బ్రతుకులో అది సరిగా పలుకును. సందర్భమును విడిచి చదివినప్పుడు ఆ వాక్యము వానికి పరీక్షాఫలితమును గూర్చిన జోస్యమైనది, జోస్యము తప్పినది. సందర్భముతో చదివినప్పుడు అదే వాక్యము ఓడినవానికి ఊతకఱ్ఱ యైనది.

వాక్యములు ఇట్లు విడివిడిగా మన చేతికి వచ్చుటకు ఒక కారణము కలదు. పౌలు లేఖలు వ్రాసిననాడు వానికి అధ్యాయములు లేవు, వచన సంఖ్యలు లేవు. ఎవరి ఉత్తరములకు మాత్రము ఉండును? ఇప్పుడు మనము చూచుచున్న అధ్యాయ విభాగము 13వ శతాబ్ది తొలిపాదమున ఏర్పడినది. దానిని స్టీఫెన్ లాంగ్టన్ అను ఆంగ్లేయ విద్వాంసునికి ఆరోపింతురు. క్రొత్త నిబంధనలోని వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అను ఫ్రెంచి ముద్రాపకుడు తన గ్రీకు ప్రతిలో వేసినవి. వెదకుకొనుటకు అవి మిక్కిలి సౌకర్యముగా నుండుటచే లోకమంతయు వానిని స్వీకరించినది; మన తెలుగు బైబిలును స్వీకరించినది. కాని ఆ అంకె చూచి, ప్రతి వచనమును దానంతట అది నిలువగల సూక్తియని భ్రమించుట సులభమైనది. శతకములోని పద్యము ఒంటరిగా నిలువగలదు. దాని కవి దానినట్లే కట్టెను. ఉత్తరములోని వాక్యము అట్లు నిలువదు. అది ముందు మాటకు జవాబు, వెనుక మాటకు పీఠిక.

ఇట్లు ఒంటరిగా విరివిగా తిరుగు వాక్యము మరియొకటి కలదు. క్యాలెండర్లపైనను శుభాకాంక్షల పత్రములపైనను తరచుగా కనబడును. యిర్మీయా ప్రవక్త గ్రంథము 29వ అధ్యాయములోనిది. తన ప్రజలయెడ దేవుని తలంపులు క్షేమకరమైనవే గాని కీడు తలపెట్టునవి కావనియు, వారికి భవిష్యత్తును నిరీక్షణను ఇచ్చునవనియు దాని తాత్పర్యము. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినవాడు దానిని చదువుకొని ధైర్యము తెచ్చుకొనును. మంచిదే. కాని ఎవరు ఎవరితో అనిరి?

క్రీస్తుపూర్వము 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసికొని, అచ్చటి రాజును, అధికారులను, పనివాండ్రను చెరపట్టి తీసికొనిపోయెను. ఆ చెరలో నున్నవారికి యిర్మీయా యెరూషలేమునుండి పంపిన ఉత్తరములోని మాట ఇది. దీనికి ముందు అధ్యాయములో హనన్యా అను మరియొక ప్రవక్త కనబడును. రెండేండ్లలో చెరపోయినవారందరు తిరిగి వత్తురని అతడు దేవాలయములో జనులందరియెదుట ప్రకటించెను. వినువారికి ఆ మాట ఎంత తీయగా నుండెనో చెప్పనక్కరలేదు. యిర్మీయా మాట అట్టిది కాదు. మీరక్కడ ఇండ్లు కట్టుకొనుడు, తోటలు నాటుకొనుడు, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడు, మిమ్ము చెరపట్టిన ఆ పట్టణపు క్షేమమునే కోరుడు అని అతడు వ్రాసెను. తిరిగివచ్చుటకు డెబ్బది యేండ్లు పట్టుననెను. ఆ డెబ్బది యేండ్ల మాట వెంటనే వచ్చును మన క్యాలెండరు వాక్యము.

డెబ్బది యేండ్లు! ఆ ఉత్తరమును విన్న పెద్దలలో ఎంతమంది తిరిగి తమ ఊరు చూచియుందురు? వారికి ఆ వాక్యము మీరు త్వరలో బాగుపడుదురని చెప్పలేదు. మీరు చూడబోని మేలు ఒకటి కలదు, దానికొరకు నేడు తోట నాటుడని చెప్పినది. ఈ యేడే నాకు మేలు జరుగునని ఆ వాక్యమును గోడకు తగిలించుకొనువాడు, తెలియకయే యిర్మీయా పేర హనన్యా మాటను తగిలించుకొనుచున్నాడు. అదే వాక్యమును తావు తెలిసి చదివినవాడు, బదిలీయై నచ్చని ఊరిలో చిక్కిన ఉపాధ్యాయుడు కావచ్చును, పొట్టకూటికై దూరదేశమునకు పోయిన కూలీ కావచ్చును, తానున్నచోట వేరూన నేర్చుకొనును. ఈ అన్వయము మొదటిదానికంటె చిన్నది కాదు, చాల పెద్దది.

సగము మాట వినుట ఎంత ప్రమాదమో మనకు భారతము ఏనాడో నేర్పినది. అశ్వత్థామ చచ్చెనన్న మాట ద్రోణుని చెవిని పడినది. చచ్చినది ఏనుగన్న మాట పడలేదు. ఆ సగము మాటకే ఆచార్యుడు అస్త్రములు విడిచెను. బైబిలులోనే ఇట్టి ఘట్టము మరియొకటి కలదు. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయములో అపవాది యేసును దేవాలయ శిఖరముపై నిలిపి, క్రిందికి దుముకుమని చెప్పుచు, దేవదూతలు కాపాడుదురను భావము గల 91వ కీర్తనలోని మాటలను ఉదాహరించెను. వాక్యము గ్రంథములోనిదే. కాని దేవుని నీడను ఆశ్రయించినవానికి చెప్పిన అభయమును, దేవుని పరీక్షించుటకు సాధనముగా మార్చుట అపవాది చేసిన పని. గ్రంథములో ఉన్నదని చూపినంత మాత్రమున అన్వయము సరియైనదని రుజువు కాదని దీనికంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

ఇది ఒక్కొక్కని మనశ్శాంతికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. 1807లో లండనులో ఒక బైబిలు అచ్చుపడినది. బ్రిటిషు వెస్టిండీసు దీవులలోని నీగ్రో బానిసల ఉపయోగము కొరకు ఏర్చికూర్చిన భాగములని దాని పేరే చెప్పుచున్నది. పాత నిబంధనలో చాల భాగమును, క్రొత్త నిబంధనలో దాదాపు సగమును దానిలో విడిచిపెట్టిరి. ఐగుప్తు దేశమున దాస్యములో మ్రగ్గిన జనులు విడుదల పొందిన కథను తీసివైచిరి. దాసుడని స్వతంత్రుడని భేదము లేదని పౌలు గలతీయులకు వ్రాసిన మాటను తీసివైచిరి. దాసులు యజమానులకు లోబడవలెనన్న మాటను మాత్రము ఉంచిరి. ఉంచిన మాటలలో ఒక్కటియు కల్పితము కాదు. కత్తెర పట్టినవాని ప్రయోజనమే ఆ గ్రంథమునకు క్రొత్త తాత్పర్యమైనది. మనలో ప్రతివాని చేతిలోను అట్టి కత్తెర యొకటి కలదు. మనకు నచ్చిన వాక్యమును గీత గీసి ఉంచుకొందుము. నొప్పించు వాక్యమును చూడనట్లు దాటిపోవుదుము.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. చరిత్ర, భూగోళము, గ్రీకు భాష తెలిసిన పండితులకేనా ఈ గ్రంథము? అక్షరము రాని అవ్వ ఒక్క వాక్యము విని కన్నీరు కార్చి బ్రతుకు మార్చుకొనలేదా? మార్చుకొనినది. అట్టివారు ఎందరో కలరు. అందరికంటె ప్రసిద్ధుడు అగస్టీను. మిలాను నగరమున అలంకారశాస్త్ర బోధకుడుగా నుండిన అతడు, 386లో ఒకనాడు తోటలో తన బలహీనతకు ఏడ్చుచుండగా, పొరుగింటి నుండి తీసికొని చదువుమని పిల్లల గొంతు వినబడినదట. దగ్గరనున్న పౌలు లేఖలను తెరచి, కంటబడిన మొదటి భాగము చదివెను. దుర్వ్యసనములను విడువుమన్న రోమీయుల లేఖలోని మాటలవి. ఆ క్షణమునుండి అతని జీవితము మారినది.

ఈ కథను జాగ్రత్తగా చదువవలెను. ఆ పుస్తకము అతని చేతికి అకస్మాత్తుగా వచ్చినది కాదు. అతడు అప్పటికే పౌలును శ్రద్ధగా చదువుచుండెను. ఆ వాక్యము అతనికి ధనమునో పదవినో వాగ్దానము చేయలేదు. తాను విడువజాలనిదానిని విడువుమని ఆజ్ఞాపించినది. అన్నిటికంటె గమనింపదగినది, ఈ అగస్టీనే తరువాత ఒక లేఖలో, లౌకిక వ్యవహారములు తేల్చుకొనుటకు సువార్త పుటలను తెరచి శకునము చూచు అలవాటు తనకు నచ్చదని వ్రాసెను. గ్రంథమును ఎట్లు అర్థము చేసికొనవలెనో చెప్పుటకై ఒక ప్రత్యేక గ్రంథమునే వ్రాసెను. ఏ అర్థము దైవప్రేమను పొరుగువాని ప్రేమను పెంచదో అది ఇంకను సరిగా తెలియని అర్థమేనని అందు అతడు పెట్టిన గీటురాయి. అక్షరము రాని అవ్వకును ఈ గీటురాయి అందును.

క్రైస్తవులు కానివారును ఈ గ్రంథమును తమకు అన్వయించుకొనిరి. గాంధీజీ లండనులో చదువుకొను దినములలో బైబిలు చదువ మొదలిడి, పాత నిబంధన చదువునప్పుడు నిద్ర వచ్చెడిదని ఆత్మకథలో దాపరికము లేక చెప్పుకొనెను. కాని కొండమీది ప్రసంగము ఆయన హృదయమునకు సూటిగా తగిలినది. ఆయన దానిని గీతతో పోల్చి చూచుకొనెను. చెంపపై కొట్టినవానికి రెండవ చెంప చూపుమన్న బోధ ఆయనకు అమితానందము కలిగించెను. అందమైన మాటగా గోడకు తగిలించుకొనక, దానిని ఒక జాతి నడువదగిన దారిగా మార్చుటకు ఆ పిమ్మట జీవితమంతయు వెచ్చించెను. అన్వయమనిన అది.

ఇట్లు చదువుటకు మనకు క్రొత్త శాస్త్రము అక్కరలేదు. ఒక గ్రంథపు తాత్పర్యమును నిర్ణయించుటకు మన మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. మొదలు ఏమి చెప్పినది, చివర ఏమి చెప్పినది, మరలమరల ఏమి చెప్పినది, క్రొత్తగా ఏమి చెప్పినది, దేనివలన ఏ ఫలమనినది, దేనిని పొగడినది, ఏ యుక్తి చూపినది అని చూడుమనుట. వేదవాక్యములకై పుట్టిన ఈ కొలబద్దతో ఫిలిప్పీయుల లేఖను కొలిచి చూడుడు. మాటిమాటికి సంతోషమను మాట వచ్చును. వ్రాసినవాని కాళ్ళకు సంకెళ్ళు! ఆ రెంటిని కలిపి చూచినవానికి తాత్పర్యము వెదకనక్కరలేదు. ఇంతేకాక, బైబిలు ఒక్క పుస్తకము కాదు. అనేక పుస్తకముల పెట్టె. అందు శాసనమున్నది, వంశావళి యున్నది, విలాపగీతమున్నది, సామెత యున్నది, ఉత్తరమున్నది, ఉపమానమున్నది. సామెతను శాసనమువలె, విలాపమును ఉపదేశమువలె చదువరాదు. తెలుగు పాఠము చెప్పువారికి ఇది తెలియని విషయము కాదు.

సందర్భము తెలిసినచో అన్వయము సన్నగిల్లునని కొందరి భయము. నిజమునకు అది బలపడును. మత్తయి 25వ అధ్యాయములో యజమానుడు దాసులకు తలాంతులిచ్చిన కథ కలదు. మన చర్చిలలో తలాంతనగా పాటపాడు నేర్పో, మాటాడు నేర్పో అని వాడుక యైనది. ఆంగ్లమున టాలెంటు అను మాటకు ప్రతిభ అను అర్థము వచ్చినదియు ఈ కథనుండియే. కాని మొదట విన్నవారికి తలాంతు ఒక తూకము. రమారమి 6,000 దేనారముల వెండి. దేనారము ఒకనాటి కూలియని అదే సువార్త చెప్పుచున్నది. కావున ఒక్క తలాంతనగా కూలివాని ఇరువదేండ్ల కష్టము. ఆ లెక్క తెలిసిన పిమ్మట, దేవుడు నాకు ఇచ్చినది ఒక్కటే, కొంచెమే, అని మూలుగువాని నోరు మూతపడును. గుంతలో పాతిపెట్టిన దాసునికి తక్కువ ఇచ్చినవాడెవడు? తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి తనకేమియు రాదనుకొను పిల్లవానికి చెప్పదగిన అర్థమిది.

మంచి సమరయుని కథయు అట్టిదే. అగస్టీను దానికి రూపకముగా అర్థము చెప్పెను: దెబ్బలు తిన్నవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, సత్రము సంఘము, సత్రపువాడు పౌలు. చమత్కారముగానే యున్నది. కాని కథ చెప్పిన సందర్భమును చూడుడు. ధర్మశాస్త్రము తెలిసినవాడొకడు తనకు పొరుగువాడెవడని అడిగెను. దానికి జవాబుగా యేసు చెప్పిన కథ ఇది. యెరూషలేము కొండమీద నున్నది. యెరికో సముద్రమట్టమునకు దిగువన నున్నది. నడుమనున్న ఆ దారి నిర్జనమైన కొండలోయలలో దాదాపు వెయ్యి మీటర్లు దిగును. దొంగల భయము గల బాట. దెబ్బలు తిని పడియున్నవానిని యాజకుడు చూచి తప్పుకొనెను, లేవీయుడు చూచి తప్పుకొనెను, సమరయుడు ఆగెను. సమరయుడనగా మనకు దయగలవాడను అర్థము స్థిరపడిపోయినది. ఆనాటి యూదులకు సమరయుడు ముట్టరానివాడు; వారి నడుమ తరముల పగ యుండెను. కథ ముగిసిన పిదప యేసు ప్రశ్ననే మార్చెను: నీకు పొరుగువాడెవడని గాక, పడియున్నవానికి పొరుగువాడుగా నిలిచినవాడెవడని అడిగెను. ధర్మశాస్త్రజ్ఞునికి సమరయుడను పేరు పలుకుటకు నోరు రాలేదు. జాలి చూపినవాడని మాత్రమనెను.

ఇప్పుడు దానిని మనకు అన్వయించుకొందము. దారిలో పడినవానికి సహాయము చేయుమని పిల్లలకు నీతి చెప్పి ఊరకుండుట చాలదు. మన ఊరిలో ఎవని చేతి మంచినీళ్ళు మన తాతలు త్రాగలేదో, ఎవని పేరు మనము పేరుగా గాక కులముగా పిలుచుచున్నామో, ఆతనిని ఆ సమరయుని స్థానమున నిలిపి, మనలను దారిలో పడవేసి చదువవలెను. అప్పుడు ఆ కథ గొంతులో అడ్డుపడును. మొదట విన్నవానికిని అట్లే అడ్డుపడినది. చరిత్ర తెలిసికొని చదువుటవలన కథ దూరమైనదా, దగ్గరయైనదా?

స్వంత అన్వయమునకు బైబిలే ఒక గొప్ప ఉదాహరణము చూపినది. దావీదు రాజు ఊరియా భార్యను చేర్చుకొని, ఊరియాను యుద్ధమున చంపించెను. నాతాను ప్రవక్త వచ్చి, మందలున్న ధనికుడొకడు అతిథికి విందు చేయుటకై పేదవాడు బిడ్డవలె పెంచుకొనిన ఒక్క గొఱ్ఱెపిల్లను లాగికొనిన కథ చెప్పెను. దావీదునకు కోపము పెల్లుబికి, అట్టివాడు చావదగినవాడనెను. ఆ ధనికుడు నీవేయని నాతాను వ్రేలు చూపెను. అంతవరకు రాజు కథను చక్కగనే అర్థము చేసికొనెను. తీర్పును న్యాయముగనే చెప్పెను. తన్ను మాత్రము అందులో చూచుకొనలేదు. మనమును చాలసార్లు ఇట్లే చదువుదుము. దీవెన వచ్చినచో అది నాకు. గద్దింపు వచ్చినచో అది పొరుగింటివానికి. ఈ పంపకము తారుమారు అయిన దినముననే నిజమైన అన్వయము మొదలైనదని చెప్పవచ్చును.

సోదర ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే. మన విద్యార్థులలో బైబిలు చదువువారున్నారు, గీత చదువువారున్నారు, ఖురాను చదువువారున్నారు. వారి విశ్వాసములతో మనకు పనిలేదు. కాని చదువుటను నేర్పువారము మనమే. ఏ గ్రంథము నుండియైనను ఒక వాక్యము తెచ్చి చూపిన పిల్లవానిని పొగడి పంపక, తెగడి పంపక, దానికి ముందేమున్నది, వెనుకనేమున్నది, ఎవరితో అనిరి అని అడుగుదము. విద్యార్థి మిత్రులారా, మీకు నచ్చిన వాక్యమును తప్పక దాచుకొనుడు. దాచుకొనుటకు ముందు ఆ లేఖనో ఆ అధ్యాయమునో ఒక్కసారి పూర్తిగా చదువుడు. ఆ పిమ్మట ఈ మాట నన్నేమి చేయుమనుచున్నదని అడుగుకొనుడు. ఏమియు చేయుమనక కేవలము మెచ్చుకొనుచున్నట్లు తోచినచో, మరల మొదటినుండి చదువుడు.

ఆ పిల్లవాడు అట్టముక్కను పారవేయలేదు. దాని వెనుకవైపున, పౌలు, చెరసాలనుండి, ఫిలిప్పీయులకు అని పెన్సిలుతో వ్రాసికొని తిరిగి జేబులో పెట్టుకొనెను. మరల పరీక్షకు కూర్చుండెను. ఫలితమేమైనదని పాఠకులు అడుగవచ్చును. చెప్పను. చెప్పినచో ఆ వాక్యమును మరల మార్కులతోనే తూచినవాడనగుదును.